ఫ్లై రాడ్ కిట్: కర్రకు మార్కులున్నాయి, లైనుకు సున్నా

నెల్లూరులో ఉంటూ ట్రౌట్ పట్టే గాలం కొన్నానంటే ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వరా మరి, అది చల్లటి నీళ్ల చేప, మన పెన్నలో వదిలితే ఎండాకాలం ఒక్క మధ్యాహ్నం కూడా బతకదు. కానీ ఏప్రిల్‌లో హిమాచల్‌లోని తీర్థన్ లోయకు టికెట్లు తీసేసుకున్నాను, అందుకే జనవరిలోనే ఆన్‌లైన్‌లో ఈ కిట్ తెప్పించాను. 6,800 రూపాయలు. నాలుగు ముక్కల 9 అడుగుల రాడ్, రీలు, లైను, 12 ఫ్లైలు (పురుగుల్లా కనిపించే ఎరలు), ఒక సంచి. డబ్బా మీద 'చిన్న కొండ వాగుల్లో ట్రౌట్‌కి' అని ఉంది, ఆ మాట సంగతి తర్వాత చెప్తా.

మామూలు గాలానికి సీసం గుండు కడతాం, ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఇందులో ఎర అంటే కొక్కేనికి ఈకలు, దారం చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు, దానికి బరువే ఉండదు. బరువంతా లైనుదే. నంబరు పెరిగేకొద్దీ లైను బరువు పెరుగుతుంది, 5 నంబరు లైనైతే మొదటి 30 అడుగులు సుమారు 9 గ్రాములు తూగాలి, ఆ బరువుకే రాడ్ విల్లులా వంగి దాన్ని ముందుకు విసురుతుంది. కాబట్టి లైను చెత్తదైతే మిగతావి ఎంత మంచివైనా దండగే. ఈ కిట్‌లో సరిగ్గా లైనే చెత్త.

అది తెలియక నెల రోజులు తప్పు నాదే అనుకున్నా. పొద్దున్నే బ్యారేజీ ఎగువన ఇసుకలోకి వెళ్లి, కొక్కెం తీసేసి ఎర్ర ఊలు ముక్క కట్టి, చేతిని వెనక్కి ముందుకి ఆడిస్తూ గడియారంలో 10 దగ్గర, 1 దగ్గర టక్కున ఆపడం నేర్చుకుంటున్నా. గేదెలు తోలుకెళ్తున్న పెద్దాయన ఒకరు ఆగి, "ఏంది అబ్బయా, నీళ్లు ఆడుంటే ఈడ ఝాడిస్తా ఉండావు?" అన్నాడు. ఏం చెప్పను. లైనేమో రీలులోంచి జిలేబీ చుట్టల్లా వచ్చి నా కాళ్ల దగ్గరే పడేది, ఎండలో పెట్టి సాగదీసినా మళ్లీ అంతే. చివరికి అనుమానం వచ్చి తెలిసిన నగల కొట్లో 30 అడుగులు కొలిచి తూయిస్తే 7 గ్రాములు కూడా రాలేదు.

రీలు పర్లేదు. ఫ్లైలలో నాలుగింటికి మొదటి రోజే దారం ఊడింది.

తీర్థన్‌లో మత్స్యశాఖ పర్మిట్ తీసుకోవాలి, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని పట్టనివ్వరు. ఇంగ్లీషువాళ్లు వందేళ్ల కిందట తెచ్చి వదిలిన బ్రౌన్ ట్రౌట్ ఇప్పుడక్కడ సొంతంగా పెరుగుతోంది. మొదటి రోజు నదిలో నా కథ ఇసుకలో లాగే నడిచింది. గైడ్ కుర్రాడు నా లైను వేళ్ల మధ్య ఒకసారి లాగి చూసి, మాట్లాడకుండా తన సంచిలోని 5 నంబరు లైను తీసి ఎక్కించాడు. అదే రాడ్, అదే చెయ్యి, తిన్నగా వెళ్లి రాయి పక్కన వాలింది! నెల రోజుల టెన్షన్ ఒక్క నిమిషంలో పోయింది, దానివెంటే కిట్ అమ్మినవాడి మీద కోపం వచ్చింది.

మరుసటి రోజు పక్క వాగుకి పోయాం, అక్కడ డబ్బా మీద మాట కూడా అబద్ధమని తేలింది. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి ఉంటుంది, మనం దిగువ నుంచి వంగుని రావాలి, తలపైన అంతా కొమ్మలే. 9 అడుగుల కర్ర ఎత్తిన ప్రతిసారీ ఏదో ఒక చెట్టుకి తగులుకుంది. గైడ్ దగ్గరున్న 3 నంబరు, 7 అడుగుల రాడ్ అడిగి తీసుకున్నాక రెండు పడ్డాయి, జానెడేసి ఉంటాయి, ఒంటి మీద ఎర్ర చుక్కలు, వాటి చుట్టూ తెల్లటి అంచు. తడి చేత్తో పట్టుకుని వదిలేశాను. ఫోన్‌లో అమ్మ మాత్రం, "అంత దూరం పోయి వదిలేసేదానికా? మామిడికాయేసి పులుసు పెట్టుంటే!" అంది.

అమ్మినవాళ్లకి బరువు లెక్కతో సహా రాస్తే వాపసు గడువు 7 రోజులే అని జవాబొచ్చింది. ఆ రాడ్‌కి మాత్రం వంక పెట్టను, అతుకులు బిగుతుగా ఉన్నాయి, పిడి చేతిలో బాగా కుదురుతుంది, సోమశిల లాంటి విశాలమైన నీళ్లకి హాయిగా సరిపోతుంది. 5కి 2 ఇస్తున్నా, ఆ రెండూ రాడ్‌వే. విడిగా రాడ్ దొరికితే అదొక్కటి తీసుకుని, మిగిలిన డబ్బు లైను మీద పెట్టండి, వాగులకే అయితే ఇది అసలు వద్దు. కిట్‌లో వచ్చిన లైను మా పెరట్లో బీరపాదుకి కట్టేశాను.