ఎయిర్‌పోర్ట్ నుంచి క్రూజ్ షిప్ దాకా: ఫ్లోరిడాలో ఆరుసార్లు వెళ్ళొచ్చాక నా అనుభవం

మేం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం. 2018 నుంచి ఆరు క్రూజ్‌లు చేశాం, అన్నీ ఫ్లోరిడా నుంచే. మూడు ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఎక్కాం, రెండు మయామిలో, ఒకటి పోర్ట్ కెనావెరల్‌లో. షిప్‌లో తిండి ఎలా ఉంది, రూమ్ ఎంతుంది అని అందరూ అడుగుతారు గానీ ఫ్లైట్ దిగిన దగ్గర్నుంచి షిప్ ఎక్కేదాకా ఉండే ఆ నాలుగైదు గంటల గురించి ఎవరూ అడగరు, నాకు మాత్రం ప్రతిసారీ టెన్షనంతా అక్కడే, అందులోనూ ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు వెంట ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ముందే చెప్పేస్తా, మూడింట్లో నాకు నచ్చింది ఫోర్ట్ లాడర్‌డేల్. ఎయిర్‌పోర్ట్ నుంచి అక్కడి రేవు, అంటే పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్, రెండు మూడు మైళ్ళే, కారెక్కి సీట్ బెల్ట్ పెట్టుకుని ఇంట్లో వాళ్ళకి మెసేజ్ పెట్టేలోపు షిప్‌లు కనపడతాయి. ఉబెర్‌కి మాకు ఎప్పుడూ 20 డాలర్లు దాటలేదు. ఒక్కటి మాత్రం చూసుకోవాలి, ఆ పోర్ట్ చాలా పెద్దది, టెర్మినల్ 2, 4 ఒక పక్కన ఉంటాయి, 18 నుంచి 29 దాకా ఉన్నవి ఇంకో పక్కన, డ్రైవర్‌కి ఉత్తినే పోర్ట్ అని చెప్తే సరిపోదు. షిప్ పేరు, టెర్మినల్ నంబర్ రెండూ చెప్పాలి. మేం వెళ్ళిన మూడుసార్లలో రెండుసార్లు పోర్ట్ గేటు దగ్గర అందరి ఐడీలు అడిగారు, కాబట్టి అవి డిక్కీలో బ్యాగ్‌లో కాకుండా చేతిలో ఉండాలి.

మయామి ఎయిర్‌పోర్ట్ నుంచి పోర్ట్ ఎనిమిది తొమ్మిది మైళ్ళు, ట్రాఫిక్ లేకపోతే ఇరవై నిమిషాలు, శని ఆదివారాల్లో ఐదారు షిప్‌లు ఒకేసారి ఉంటే ఆ లెక్క పనిచేయదు. డౌన్‌టౌన్ మీదుగా వెళ్ళే వంతెన మీద కార్లు కదలవు. 2014లో తెరిచిన సొరంగం ఒకటుంది, నీళ్ళ మీదుగా వేసిన మ్యాక్ఆర్థర్ కాజ్‌వే అనే రోడ్డు మీంచి నీళ్ళ కిందగా నేరుగా పోర్ట్‌లోకి తీసుకెళ్తుంది, మా డ్రైవర్ అటు తిప్పాడు కాబట్టి బతికిపోయాం. మొదటిసారి మేమిద్దరమే, చెరో బ్యాక్‌ప్యాక్‌తో వెళ్ళినప్పుడు ఎయిర్‌పోర్ట్‌లోంచి ఫ్రీ ట్రైన్ పట్టుకుని మెట్రోరైల్ స్టేషన్‌కి వెళ్ళి, ఒక్కొక్కరికి 2.25 డాలర్లతో ఆరెంజ్ లైన్‌లో డౌన్‌టౌన్‌లోని గవర్నమెంట్ సెంటర్ స్టేషన్ దాకా వెళ్ళి అక్కణ్ణుంచి చిన్న ఉబెర్ తీసుకున్నాం. కుర్రాళ్ళకి బాగుంటుంది. నాలుగు పెద్ద సూట్‌కేసులతో, పిల్లలతో వద్దు.

కెనావెరల్ అంటే ఓర్లాండో ఎయిర్‌పోర్ట్ నుంచి దాదాపు 45 మైళ్ళు, బీచ్‌లైన్ టోల్ రోడ్డు మీద గంట. పోర్ట్ దాకా ట్రైన్ లేదు. అక్కడ షేర్డ్ షటిల్ ఒకటి బుక్ చేశాం, కంపెనీ పేరు చెప్పను, తలకి లెక్క చూస్తే చవకే అనిపించింది కానీ వ్యాన్ నిండితే గానీ కదలనన్నారు, ఎండలో గంటా ఇరవై నిమిషాలు పిల్లల్ని పెట్టుకుని నిలబడ్డాం. నలుగురైదుగురు ఉంటే నేరుగా పెద్ద ఉబెర్ తీసుకోండి, ఖర్చులో పెద్ద తేడా ఉండదు. క్రూజ్ కంపెనీ వాళ్ళే అమ్మే బస్ కూడా ఒకసారి వాడాం, 2022లో, ఫోర్ట్ లాడర్‌డేల్‌లో. నలుగురికి కలిపి ఉబెర్ కంటే మూడింతలు అయ్యింది. కాకపోతే లగేజ్ బెల్ట్ దగ్గరే బోర్డు పట్టుకుని మనిషి నిలబడి ఉంటారు, ఒంటరిగా వచ్చే పెద్దవాళ్ళకి, ఫోన్‌లో యాప్‌లు వాడటం రానివాళ్ళకి ఆ డబ్బు పెట్టొచ్చు అనే నా అభిప్రాయం.

అదే రోజు ఫ్లైట్ దిగి అదే రోజు షిప్ ఎక్కడం మాత్రం ఇక జన్మలో చెయ్యను. రెండో ట్రిప్‌లో చేశాం. నెవార్క్ నుంచి పొద్దున ఆరింటి ఫ్లైట్, మూడు గంటల ప్రయాణం, షిప్ నాలుగింటికి కదా, బోలెడు టైమ్ అనుకున్నాం. రాత్రి మంచు పడింది, రెక్కల మీద మంచు కరిగించే క్యూ, ఆ తర్వాత ఇంకేదో, మొత్తానికి నాలుగు గంటలు లేటు. షిప్ నాలుగింటికి అంటే మనం నాలుగింటికి వెళ్తే చాలదు, ప్రయాణికుల లిస్టు బయల్దేరడానికి కనీసం గంట ముందే అమెరికా కస్టమ్స్ వాళ్ళకి పంపాలి, కాబట్టి చెకిన్ అంతకు ముందే మూసేస్తారు. మేం టెర్మినల్ తలుపు దగ్గరికి చేరేసరికి 2:20. ఉబెర్‌లో మా పాప "అమ్మా, షిప్ వెళ్ళిపోతుందా" అని అడుగుతూనే ఉంది, నా దగ్గర సమాధానం లేదు. ఎక్కాం గానీ ఆ రోజు నాకు నోట్లోకి ముద్ద దిగలేదు. మిస్సయితే తర్వాతి పోర్ట్‌కి ఫ్లైట్‌లో వెళ్ళి ఎక్కొచ్చు అంటారు, మన ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ఆ దేశం వీసా సంగతి కూడా చూసుకోవాలి కదా. అప్పట్నుంచి ముందు రోజే వెళ్ళి హోటల్‌లో పడుకుంటున్నాం. వేసవిలో అయితే ఫ్లోరిడాలో మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములు మెరుపులు, ఫ్లైట్లు ఆపేస్తారు, ముందు రోజు కూడా పొద్దున ఫ్లైటే చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. 2023 జనవరిలో మా అత్తయ్యగారు, మావయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు, వాళ్ళని తీసుకెళ్ళాం. మావయ్యగారికి పాస్‌పోర్ట్ కొత్తది, అమెరికా వీసా స్టాంప్ పాతదాంట్లో ఉంది, అలాంటప్పుడు రెండూ చూపించాలి. పాతది ఎక్కడ పోతుందోనని అత్తయ్యగారు దాన్ని భద్రంగా సూట్‌కేస్‌లో చీరల మడతల్లో పెట్టారు. టెర్మినల్ ముందు కారు దిగగానే పోర్టర్లు వచ్చి షిప్ ట్యాగ్ ఉన్న పెద్ద బ్యాగ్‌లన్నీ తీసుకుని ట్రాలీలో వేసుకుని వెళ్ళిపోతారు, అవి మళ్ళీ సాయంత్రానికి గాని రూమ్ దగ్గరికి రావు. కౌంటర్‌లో అమ్మాయి "వీసా?" అంది. అత్తయ్యగారి మొహం చూసి నాకు అర్థమైపోయింది.

అక్కడి సూపర్‌వైజర్ ఒకావిడ సూట్‌కేస్ రంగు, రూమ్ నంబర్ రాసుకుని, మా వారిని వెంటబెట్టుకుని లగేజ్ స్కానింగ్ వైపు వెళ్ళింది. యాభై నిమిషాలు. మావయ్యగారు వీల్‌చైర్‌లో కూర్చుని "పోనీలేమ్మా, నేను హోటల్‌లో ఉండిపోతా, మీరు పిల్లల్తో వెళ్ళిరండి" అన్నారు, అది వినగానే అత్తయ్యగారికి కళ్ళనీళ్ళు ఆగలేదు. బ్యాగ్ ఇంకా స్కానింగ్ క్యూలోనే ఉంది కాబట్టి దొరికింది. ముందు రోజే వచ్చి పదకొండున్నరకే టెర్మినల్‌లో ఉన్నాం కాబట్టి ఆ యాభై నిమిషాలు మాకు మిగిలాయి. అదే పాత పద్ధతిలో రెండున్నరకి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా భయం. అప్పట్నుంచి పాస్‌పోర్ట్‌లు పాతవి కొత్తవి రబ్బర్ బ్యాండ్ వేసి, గ్రీన్‌కార్డ్‌లు, పెద్దవాళ్ళ బీపీ షుగర్ మాత్రలు అన్నీ ఒకే పౌచ్‌లో నా మెడలోనే ఉంటాయి, పోర్టర్ కనిపించగానే ముందు అది తడుముకుంటా.

వీల్‌చైర్ సంగతి మాత్రం చాలా బాగుంది. ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్ తలుపు దగ్గర్నుంచి కారెక్కేదాకా తోసుకొచ్చారు, పోర్ట్ దగ్గర దిగగానే అడిగితే ఇంకొకరు వచ్చి షిప్ లోపలి దాకా తీసుకెళ్ళారు, క్యూలో నిలబెట్టలేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మొహమాటపడకుండా అడగండి. టిప్ మీ ఇష్టం, పోర్టర్లకి బ్యాగ్‌కి ఒకటి రెండు డాలర్లు ఇస్తాం, చిల్లర ముందే ఉంచుకోండి. ట్యాగ్‌లు ఇంట్లోనే ప్రింట్ తీసి మీద ట్రాన్స్‌పరెంట్ టేప్ వేస్తే చిరగవు. కెటిల్, ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్ లాంటివి పెట్టొద్దు, స్కానింగ్‌లో పట్టుకుంటారు.

పోయినసారి ఓర్లాండో తిరిగి మయామిలో ఎక్కాం. 2023 సెప్టెంబర్ నుంచి ఓర్లాండో ఎయిర్‌పోర్ట్‌లోనే బ్రైట్‌లైన్ ట్రైన్ స్టేషన్ ఉంది, మూడున్నర గంటల్లో మయామి డౌన్‌టౌన్‌లో దింపింది, రాత్రికి అక్కడే హోటల్, పొద్దున పోర్ట్‌కి పది నిమిషాలు కూడా పట్టలేదు. టికెట్లు ముందే కొంటే తక్కువకి వస్తాయి. వచ్చే జనవరికి మళ్ళీ ఫోర్ట్ లాడర్‌డేల్ బుక్ చేశాం, ఈసారి మా అమ్మ వస్తోంది. తన వీసా కూడా పాత పాస్‌పోర్ట్‌లోనే ఉంది, హైదరాబాద్‌లో బయల్దేరేటప్పుడే రెండూ కలిపి రబ్బర్ బ్యాండ్ వెయ్యమని ఇప్పటికే రెండుసార్లు ఫోన్‌లో చెప్పాను.