విశాఖ, అరకు యాత్ర: గది సరే, రాత్రిపూట తెలుగు తెలిసిన మనిషేరీ?

పెద్దవాళ్ళని తీసుకుని విశాఖ, అరకు వెళ్ళే ఆలోచనలో ఉన్నవాళ్ళు ఇది చదివాకే హోటల్ బుక్ చేసుకోండి. సముద్రం కనిపించే కిటికీ, ఉదయం ఉచిత టిఫిన్, లిఫ్టు, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. రాత్రి ఎనిమిది దాటాక అక్కడ ఫోన్ ఎత్తే మనిషికి తెలుగు వచ్చో రాదో ముందు కనుక్కోండి. నేనైతే ఇకమీదట ఈ ఒక్కటీ తేలనిదే పైసా అడ్వాన్స్ కట్టను.

రాజమండ్రి నుంచి రత్నాచల్‌లో బయలుదేరాం. అమ్మ, నాన్నగారు, నేను, మా ఆవిడ, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి. స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు వైపు హోటల్‌కి ఆటో నాలుగు వందలు అడిగి, రెండు వందల యాభైకి వచ్చాడు. పక్కపక్కనే రెండు గదులు తీసుకున్నాం. ఒక్కోటి రోజుకి 2,900, పన్ను వేరే. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు వస్తున్నాయి, పరుపులు మెత్తగా ఉన్నాయి. సింహాచలం దర్శనం, కైలాసగిరి, కురుసుర సబ్‌మెరైన్ అన్నీ హాయిగా జరిగాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు. చెప్పాల్సిందంతా ఆ హోటల్లో జరిగిన ఒక రాత్రి గురించే.

నాన్నగారికి పదిహేనేళ్ళుగా షుగర్. రాత్రి భోజనానికి అరగంట ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. వేసుకున్నాక తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. షుగర్ ఉన్న ఇళ్ళలో ఈ గడియారం ఎలా నడుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం ఇద్దరూ అలసిపోయి గదిలో ఉండిపోయారు. మేం ముగ్గురం బీచ్‌కి వెళ్ళాం. గదిలో కాగితం మెనూ లేదు. బల్ల మీద క్యూఆర్ కోడ్ అంటించి ఉంది, అది తెరిస్తే మెనూ అంతా ఇంగ్లీషులో వస్తుంది. నాన్నగారిది బటన్ల ఫోన్. అమ్మ తెలుగు తప్ప చదవలేదు. అందుకని ఎనిమిదింటికి అమ్మే గది ఫోన్‌లో తొమ్మిది నొక్కి, రెండు పుల్కాలు, పప్పు, కాస్త పెరుగు కావాలని చెప్పింది. అవతల కుర్రాడు "ఓకే మేడమ్" అన్నాడు. ఆ ఓకేని నమ్ముకుని నాన్నగారు ఇంజెక్షన్ వేసుకున్నారు.

ఎనిమిదిన్నరైనా ఏమీ రాలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే "ఓకే మేడమ్, టెన్ మినిట్స్" అన్నాడు. ఎనిమిది యాభైకి ఒక కుర్రాడు తలుపు తట్టి రెండు మంచినీళ్ళ సీసాలు, ఒక తువ్వాలు తెచ్చిచ్చాడు. అమ్మ చేత్తో నోటి దగ్గర సైగ చేసి, మంచం మీదున్న నాన్నగారిని చూపించింది. అతను తలూపి, నవ్వి వెళ్ళిపోయాడు. అప్పటికే నాన్నగారికి చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నాయి. అమ్మ సంచిలో ఉన్న బిస్కెట్లు నాలుగు తినిపించి, మాకు ఫోన్ చేసి, లిఫ్టులో కిందికి దిగింది. మేం అప్పటికి ఆటోలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాం.

రిసెప్షన్‌లో ఉన్నది అస్సాం నుంచి వచ్చిన అబ్బాయి. హిందీ, కాస్త ఇంగ్లీషు వచ్చు. అమ్మ కంగారు చూసి తన ఫోన్‌లో అనువాదం చేసే యాప్ తెరిచి ఆవిడ మొహం ముందు పెట్టాడు. అమ్మ ఆయాసపడుతూ, గోదావరి యాసలో, ఒక మాట పూర్తికాకుండానే ఇంకో మాట అందుకుంటూ చెప్పింది. ఫోన్ ఏం రాసిందో తెలీదు. అతను చదివి, అయోమయంగా చూసి, ఫోన్ తుడిచి మళ్ళీ పెట్టాడు. రెండోసారీ అంతే. గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ ఆ గొంతు విని లోపలికొచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, వయసు యాభై దాటి ఉంటుంది. "ఏటైందమ్మా?" అన్నాడు. అమ్మ రెండు ముక్కల్లో చెప్పగానే తనే వంటగదిలోకి పరుగెత్తి గ్లాసులో పంచదార కలిపి తెచ్చాడు. మేం వెళ్ళి మీటర్‌తో చూస్తే 58 ఉంది. అంతకుముందు ఎంతకి పడిపోయిందో! ఇంకో మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి చూస్తే 84 వచ్చింది. పుల్కాలు తొమ్మిదిం ముప్పావుకి వచ్చాయి. బిల్లు 410.

మర్నాడు పదింటికి మేనేజర్ వచ్చాడు. ఆయన తెలుగాయనే, మర్యాదస్తుడే. "లోకల్ కుర్రాళ్ళు ఈ జీతాలకి రారండీ. వచ్చినా పండక్కని వెళ్ళి తిరిగి రారు. వీళ్ళైతే ఇక్కడే ఉంటారు, సెలవులు అడగరు" అన్నారు. దొరికినవాళ్ళతో నడుపుకోవడం సరే. హౌరా నుంచి మద్రాసు వెళ్ళే పెద్ద లైను విశాఖ మీదుగా పోతుంది, బెంగాల్ కుర్రాడు ఒక్క రైలెక్కితే ఇక్కడ దిగిపోతాడు. వాళ్ళు పనికి రావడాన్ని నేను తప్పుపట్టను. నన్ను మండించింది వేరే. ఆ హోటల్ భోజనశాల గుమ్మంలో బెంగాలీ లిపిలో నిలువెత్తు బోర్డు ఉంది, చేపల పులుసు, అన్నం బొమ్మలతో సహా. దసరా సెలవులకి కోల్‌కతా వైపు నుంచి వేల మంది విశాఖ, అరకు వస్తారు కాబట్టి వాళ్ళ కోసం రాయించారు. మంచిదే, వచ్చినవాళ్ళ భాషలో పలకరించాలి. మరి విశాఖపట్నంలో నడిచే హోటల్లో తెలుగు మెనూ ఏది? కాశీ వెళ్ళినప్పుడు మానససరోవర ఘాట్ దగ్గర పడవ నడిపే ఆయన మా అమ్మతో చక్కగా తెలుగులో బేరమాడాడు. పూసలమ్మే కుర్రాడూ తెలుగులోనే పిలిచాడు. మనవాళ్ళు ఎక్కువగా వెళ్తారని వాళ్ళు నేర్చుకున్నారు. గంగ ఒడ్డున దొరికిన తెలుగు మా అమ్మకి విశాఖ ఒడ్డున దొరకలేదు.

మా ఆవిడ హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రవీణ దాకా రాసింది. టిఫిన్ దగ్గర ఆ నీళ్ళ సీసాల కుర్రాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడింది. ఫోన్ ఎత్తిందీ అతనే. బెంగాల్‌లోని మాల్దా నుంచి వచ్చి రెండు నెలలైంది. పొద్దున పదకొండుకి డ్యూటీ ఎక్కితే రాత్రి పదకొండుకి దిగాలి. కింద సెల్లార్ గదిలో ఆరుగురు పడుకుంటారు. తెలుగులో అంకెలు, నీళ్ళు, తువ్వాలు మాత్రం వచ్చు. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పొచ్చుగా అని మా ఆవిడ అడిగితే, గెస్ట్‌తో అలా అనకూడదని, ఏమన్నా ఓకే అనాలని సూపర్‌వైజర్ చెప్పాడట. అది వినగానే నాకు కుర్రాడి మీదున్న కోపమంతా పైవాళ్ళ మీదికి మళ్ళింది. అర్థం కాలేదని నిజం చెప్పి ఉంటే అమ్మ అప్పుడే కిందికి దిగేది, నాన్నగారు ఇంజెక్షన్ ఆపేవారు. ఆ ఇరవయ్యేళ్ళవాడి చేత అబద్ధం చెప్పించిన పద్ధతి వల్ల ఒక ప్రాణం మీదికి వచ్చింది. తిట్లు మాత్రం వాడే పడ్డాడు.

అమ్మ రాత్రంతా అతని మీద రగిలిపోతూనే ఉంది. మా ఆవిడ ఇదంతా తెలుగులో చెప్పాక చాలాసేపు ఏమీ అనలేదు. మా పెదపిన్ని కూతురు కోనసీమ నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. వెళ్ళిన కొత్తలో అరబ్బీ రాక, అడిగింది ఒకటైతే తెచ్చింది ఇంకోటై, రోజూ తిట్లు తిని రాత్రిళ్ళు ఫోన్‌లో ఏడ్చేది. అమ్మే ఓదార్చేది. "దానికీ ఎవరూ నేర్పలేదు" అని, అమ్మ ఆ కుర్రాడికి మా ఆవిడ చేత చెప్పించింది: ఇకమీదట అర్థం కాకపోతే తల అడ్డంగా ఊపు, ఎవరు తిట్టినా సరే. నాన్నగారు మాత్రం మెత్తబడలేదు. ఆ రోజంతా మాతోనే సరిగ్గా మాట్లాడలేదు, అరకు మానేసి ఇంటికి పోదామన్నారు. అమ్మాయి బతిమాలితే రైలెక్కారు.

కిరండూల్ వెళ్ళే రైల్లో అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, ముందుగా దొరికితే తీసుకోండి. యాభైకి పైగా సొరంగాలు, వాటి మధ్య లోయలు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి చేరవేయడానికి 1960లలో వేసిన లైను అది. మామూలు పెట్టెలోనూ కిటికీ దొరికితే అంతే బాగుంటుంది, డబ్బులు మిగుల్తాయి. బొర్రా గుహలు అరకు నుంచి తిరుగుదారిలో కారులో చూసుకున్నాం. కారు విశాఖలో దింపడానికి 3,800 తీసుకున్నాడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గుహల్లో సగం దాకా దిగి ఆగిపోవడం మంచిది.

అరకులో స్టేషన్‌కి దగ్గర్లో ఒక చిన్న మెస్‌లో తిన్న భోజనం ఈ యాత్ర మొత్తాన్ని నిలబెట్టింది. నలభై ఐదేళ్ళావిడ నడుపుతోంది. వడ్డించేవాళ్ళు ఇద్దరు, ఒకడు కోరాపుట్ వైపు ఒడియా కుర్రాడు, ఇంకొకడు నేపాల్ నుంచి వచ్చాడు. వంటగది గుమ్మం పక్క గోడకి పెద్ద చార్టు అంటించి ఉంది. ప్రతి వంటకానికీ ఫొటో, కింద తెలుగు పేరు, దాని పక్కనే ఒడియాలోనూ దేవనాగరిలోనూ పెన్నుతో రాసిన అక్షరాలు. నన్ను ఆపేసింది చార్టు అడుగు భాగం. అక్కడ తిండి పేర్లు లేవు. ఉప్పు తక్కువ, కారం వద్దు, పంచదార లేకుండా, మెత్తగా వండాలి, మందు వేసుకున్నారు త్వరగా పెట్టాలి, ఒంట్లో బాగోలేదు ఓనర్‌ని పిలవాలి. ఈ చివరి రెండింటికీ ఎర్ర సిరాతో గీత గీసి ఉంది.

నాన్నగారు "పంచదార లేకుండా కాఫీ" అన్నారు. నేపాలీ కుర్రాడు కదలకుండా నిలబడి, ఒక వేలు చూపించి, "కాఫీ ఒకటి, పంచదార లేదు" అని తిరిగి చెప్పాడు. నాన్నగారు అవునన్నాకే వెళ్ళాడు. మా అయిదుగురి ఆర్డరూ అలాగే, ఒక్కొక్కరి మొహం చూసి తిరిగి అప్పజెప్పాడు. ఆవిణ్ణి అడిగితే, "నాకు తెలుగొక్కటే వచ్చు బాబూ, అందుకని వాళ్ళకే నేర్పుకున్నా. రోజుకి ఐదు మాటలు, గిన్నెలు తోమేటప్పుడు అప్పజెప్పించుకుంటా. చెప్పింది తిరిగి చెప్పకపోతే ఆ ఆర్డరు నేను వండను" అంది. భోజనం 130, బొంగులో చికెన్ అరకిలో 350, కాఫీ 30. చికెన్ వేడివేడిగా, వెదురు వాసనతో, నూనె లేకుండా. నాన్నగారు రెండోసారి అన్నం పెట్టించుకుని, ఆ కుర్రాడి ఊరు ఎక్కడో అడిగి తెలుసుకున్నారు. విశాఖలో బయలుదేరాక ఆయన నవ్వింది అప్పుడే.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. అరకులో మనం తెలుగు మాట్లాడుతున్నాం కాబట్టి స్థానికులం మనమే అనుకోకూడదు. ఆ కొండల మీద ఇళ్ళలో ఆదివాసీ ఒడియా, కువి భాషలు వినిపిస్తాయి. సంతలో కూరగాయలమ్మే ఆడవాళ్ళు మన కోసం తెలుగులోకి మారతారు. రేటు అడిగేటప్పుడు గొంతు పెంచకుండా, నిదానంగా అడగండి.

నేర్పడం కష్టమని నాకెవరూ చెప్పొద్దు. కేరళలో సాక్షరతా మిషన్ వాళ్ళు 2017లో పెరుంబావూరులో 'చంగాతి' అనే పేరుతో వలస కార్మికులకి మలయాళం నేర్పడం మొదలుపెట్టారు. ఒక రాష్ట్రం చేసింది, అరకులో ఒక మెస్ ఆవిడ చేసింది. రోజుకి పదీ పదిహేను వేలు గదుల మీద సంపాదించే హోటల్ చేయలేదంటే చేయదలచుకోలేదనే అర్థం.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నా సలహా ఇది. బుక్ చేసేముందు రాత్రి ఎనిమిది తర్వాత హోటల్‌కి ఫోన్ చేసి తెలుగులో ఏదైనా అడగండి, అప్పుడే తెలిసిపోతుంది. పగలు చేస్తే మేనేజర్ ఎత్తుతాడు, ఏమీ తెలియదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళయితే పళ్ళెం కళ్ళముందుకి వచ్చాకే అరగంట లెక్క మొదలుపెట్టండి. చపాతీ చల్లారితే చల్లారనీయండి. దిగగానే వాచ్‌మన్‌ని పలకరించి, ఆయన నంబర్ తీసుకోండి. మేం వచ్చేటప్పుడు ఆయనకి అయిదు వందలు ఇచ్చాం, వద్దంటూనే తీసుకున్నాడు.

మేనేజర్‌ని నేను మూడు అడిగాను. తెలుగు మెనూ కాగితం మీద, రాత్రి షిఫ్టులో తెలుగు వచ్చిన మనిషి ఒకరు, అర్థం కాలేదని చెప్పే హక్కు ఆ కుర్రాళ్ళకి. ఇంటికొచ్చాక ఫోన్ చేస్తే మెనూ ప్రింటింగ్‌కి ఇచ్చామన్నారు. మిగతా రెండింటికీ ఓనర్‌తో మాట్లాడాలన్నారు. ఆయన మాట్లాడి చెప్పేదాకా ఆ హోటల్ పేరు మా బంధువులెవరికీ నేను చెప్పను.