మొదటి వెస్టర్న్: ‘స్టేజ్‌కోచ్’ చూడాలా, ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ చూడాలా?

వెస్టర్న్‌లు, అంటే అమెరికా పశ్చిమ ప్రాంతపు కౌబాయ్ సినిమాలు, కొత్తగా చూసేవారు ఏదో ఒకదానితో మొదలుపెట్టాలి కదా. నా దృష్టిలో పోటీ ఈ రెండింటి మధ్యే: 1939లో జాన్ ఫోర్డ్ తీసినది, 1964లో సెర్జియో లియోనీ తీసినది.

నిలబెట్టిన నటుడు
స్టేజ్‌కోచ్: జాన్ వేన్. 1930లో ‘ది బిగ్ ట్రెయిల్’ దెబ్బతిన్నాక ఆయన ఏళ్ల తరబడి చిన్న బడ్జెట్ చిత్రాల్లోనే ఉండిపోయారు. ఇందులో రైఫిల్ గిర్రున తిప్పుతూ నిలబడగానే కెమెరా ఆయన ముఖం వైపు దూసుకెళ్తుంది. ఆ ఒక్క షాట్ కోసమైనా సినిమా చూడవచ్చు.
డాలర్స్: టీవీ నటుడు క్లింట్ ఈస్ట్‌వుడ్. సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనేకూ ఇదే పెద్ద మలుపు.

తెచ్చిన మార్పు
స్టేజ్‌కోచ్: చౌకబారు వినోదమనుకున్న కథలకు గౌరవం, అమెరికాలోని ఎర్రరాతి గుట్టల ఎడారి మాన్యుమెంట్ వ్యాలీకి తెరపై పేరు.
డాలర్స్: మంచికీ చెడుకూ మధ్య గీత చెరిపేసిన కథానాయకుడు.

ఓపిక
స్టేజ్‌కోచ్: నలుపు తెలుపు, మాటలు ఎక్కువ.
డాలర్స్: రంగులు, మౌనం ఎక్కువ.
నిడివి రెండింటికీ గంటా నలభై నిమిషాల లోపే.

ఇబ్బంది
స్టేజ్‌కోచ్: అమెరికా మూలవాసులైన అపాచీలు కేవలం శత్రుమూకగా మిగిలిపోయారు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.
డాలర్స్: జపాన్ దర్శకుడు కురొసావా తీసిన ‘యొజింబో’ కథను అనుమతి లేకుండా వాడుకోవడంతో వివాదం నడిచింది.

ఒకే బండిలో చిక్కుకున్న అపరిచితుల మనసులు చదవాలనుకుంటే ఫోర్డ్‌తో మొదలుపెట్టండి. 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణను చూసి మురిసినవారైతే ముందు లియోనీ చిత్రమే చూడండి.