కసేసె యాత్ర: మున్సిపాలిటీ పేరు చెప్పి వేసిన బిల్లు

పశ్చిమ ఉగాండాలోని కసేసె వెళ్ళాలనుకునే మనవాళ్ళకు ముందుగా ఒక మాట. అక్కడ లాడ్జిలో గది తీసుకునేటప్పుడు రేటు అడిగి ఊరుకోకండి. పన్నులన్నీ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. మా దగ్గర ‘మున్సిపల్ టాక్స్’ అంటూ గదికి రాత్రికి 15,000 షిల్లింగులు అదనంగా వేశారు. అప్పట్లో వంద రూపాయలకు దాదాపు నాలుగు వేల షిల్లింగులు వచ్చేవి, లెక్క మీరే వేసుకోండి. డబ్బు పోయినందుకు కాదు నాకు కోపం. ఆ ఊరి మున్సిపాలిటీ పేరు చెప్పి కాజేశారని.

కంపాలాలో ఉద్యోగం చేస్తున్న నేను, మా ఆవిడ, హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిది వెళ్ళాం. ఫోర్ట్ పోర్టల్ మీదుగా బస్సు, తలకు 45,000. రోడ్డు బాగుంది, తేయాకు తోటలు బాగున్నాయి, ప్రయాణంలో ఏ ఇబ్బందీ లేదు.

కసేసెలో దిగగానే ఉక్కపోత. ఫోర్ట్ పోర్టల్ చల్లదనం తర్వాత అది మరీ ఎక్కువగా తెలిసింది. ఊరు పల్లంలో, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల లోపు ఎత్తులో ఉంటుంది. పడమట మాత్రం రువెన్‌జోరి పర్వతాలు గోడలా లేచి ఉంటాయి. వాటిలో మార్గెరీటా శిఖరం ఎత్తు 5,109 మీటర్లు, ఆఫ్రికాలో మూడోది. భూమధ్యరేఖ ఇంత దగ్గరున్నా దాని మీద మంచు ఉంటుంది. మేమున్నన్నాళ్ళూ శిఖరాలు మబ్బు వీడలేదు.

లాడ్జి బస్టాండుకు దగ్గరే. గది 85,000, టిఫిన్‌తో కలిపి అన్నారు. రెండు గదులు తీసుకున్నాం. ఫ్యాను తిరగలేదు. రాత్రి ఎనిమిదింటికి నీళ్ళు ఆగిపోయాయి, రెండు బకెట్లు మోసుకొచ్చి పెట్టారు. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఆమె మాట్లాడకపోతే నాకు టెన్షన్. రెండు రాత్రులు గడిపి ఖాళీ చేస్తుంటే బిల్లు 4,00,000 చూపించారు. గదులకు 3,40,000, మిగతా 60,000 మున్సిపల్ టాక్స్ అట. రసీదు అడిగితే మేనేజరు ఒక నోటుపుస్తకం చింపి అంకె వేసి ఇచ్చాడు. ముద్ర లేదు, నంబరు లేదు. “ఇది ప్రభుత్వ రూలు, నాకేం సంబంధం?” అన్నాడు. “బావా, కట్టేసి పోదాం, టైం పోతుంది” అని మా బావమరిది గొణుగుతున్నాడు. కట్టాను గానీ వదల్లేదు.

ఎదురుగా ఎయిర్‌టైం (ఫోన్ రీచార్జి) అమ్మే ఆవిడే దారి చూపింది. ముందు ఎల్సీ 1, అంటే పేట స్థాయి లోకల్ కౌన్సిల్, చైర్మన్ దగ్గరికి వెళ్ళమంది. ఉగాండాలో స్థానిక పాలన ఒక మెట్టు మీద ఇంకో మెట్టుగా ఉంటుంది. పేటకు ఎల్సీ 1, వార్డుకు ఎల్సీ 2, డివిజన్‌కు ఎల్సీ 3. మున్సిపాలిటీకి ఎన్నికైన మేయర్ ఉంటారు, ఆఫీసు నడిపేది టౌన్ క్లర్క్. జిల్లాకు ఎల్సీ 5 చైర్మన్. కసేసెకు 2010లో మున్సిపాలిటీ హోదా వచ్చింది. సెంట్రల్, న్యాంవాంబా, బులెంబియా అని మూడు డివిజన్లు. ఎల్సీ 1 చైర్మన్ పెద్దాయన, మా నోటుపుస్తకం కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. తన పని ఆపుకుని మాతో పాటు మున్సిపల్ ఆఫీసు దాకా నడిచి వచ్చాడు. చాయ్‌కైనా డబ్బు తీసుకోలేదు.

అక్కడ రెవెన్యూ విభాగంలో కూర్చున్న అమ్మాయి ఓపికగా చెప్పింది. హోటల్ పన్ను అనేది నిజంగానే ఉంది. 2008 చట్ట సవరణతో వచ్చింది. బస చేసినవాళ్ళ దగ్గర యజమాని వసూలు చేసి మున్సిపాలిటీకి కట్టాలి. అయితే ఆ స్థాయి లాడ్జికి గదికి రాత్రికి 2,000 దాటదని, ముద్ర ఉన్న రసీదు ఇవ్వాలని చెప్పి, మా ముందే ఫోన్ చేసింది. గంటలో మేనేజరు 52,000 తెచ్చి చేతిలో పెట్టాడు. మా ఆవిడ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఈ గొడవ ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానో కిలెంబే చూస్తే తెలుస్తుంది. ఊరి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, బోడా, అంటే అద్దె మోటారుసైకిలు, మీద మనిషికి 10,000 అయింది. ఇది బులెంబియా డివిజన్‌లోది, న్యాంవాంబా నది లోయలో ఉన్న పాత రాగి గని. 1956లో రైలు కసేసె దాకా వచ్చింది ఈ రాగి కోసమే. కెనడా కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది. 1982కల్లా ఉత్పత్తి ఆగిపోయింది. తర్వాత రైలూ ఆగింది. రాగి తీయగా మిగిలిన పైరైట్ (ఇనుము, గంధకం ఉన్న ఖనిజం) కుప్పల్లోంచి బాక్టీరియా సాయంతో కోబాల్ట్ తీసే కర్మాగారం 1999 ప్రాంతంలో మొదలైంది, కుప్ప అయిపోయాక మూతపడింది. 2013లో గనిని చైనా కంపెనీల బృందానికి అప్పగించారు, ఆ ఒప్పందం మధ్యలోనే రద్దయింది. గైడుకు తలకు 30,000 ఇచ్చి పాత కార్మికుల ఇళ్ళ వరుసలు, సొరంగం నోరు చూశాం. ఆ డబ్బుకు పూర్తి విలువ దక్కింది.

నదిని చూస్తే మాత్రం మనసు పాడైంది. ఏనుగంత బండరాళ్ళు ఇళ్ళ మధ్యకు దొర్లి ఉన్నాయి. 2013 మే నెలలో ఒకసారి, 2020 మేలో మరోసారి వరద వచ్చింది. రెండోసారి కిలెంబే ఆసుపత్రి కొట్టుకుపోయినంత పనైంది. 2012లో పైన కొండల్లో అడవి తగలబడి నేల పట్టు తప్పడం కూడా ఒక కారణమంటారు. గని వ్యర్థాలను నది కోసుకుంటూ దిగువకు తీసుకుపోతోంది. దిగువన క్వీన్ ఎలిజబెత్ జాతీయవనం, జార్జ్ సరస్సు ఉన్నాయి.

ఉగాండా రాజ్యాంగం ప్రకారం ఖనిజాల మీద హక్కు కేంద్ర ప్రభుత్వానిది. మున్సిపాలిటీ సొంతంగా రాబట్టుకునేది సంత రుసుము, వ్యాపార లైసెన్సు, ఆస్తి పన్ను, ఈ హోటల్ పన్ను లాంటివి. ఆ చిల్లరలోంచే కాలువలు బాగుచేయాలి, చెత్త ఎత్తాలి. అలాంటి పన్ను పేరుతో లాడ్జివాడు మా దగ్గర పిండుకుంటే నేను ఊరుకోలేకపోయాను.

భోజనం సంగతి చెప్పకుండా ఉండలేను. మార్కెట్ పక్కన చిన్న హోటల్లో ఒబుందు పెట్టారు. కర్రపెండలం పిండితో చేస్తారు, ఇక్కడి బాకోంజో ప్రజల ముఖ్యాహారం. మన రాగిసంకటి లాగే వేళ్ళతో తుంచి, నొక్కి, కూరలో ముంచి తినాలి. పక్కన సొంబే, అంటే కర్రపెండలం ఆకు దంచి వేరుశెనగతో వండినది, ఇంకో పక్కన వేయించిన తిలాపియా చేప. ప్లేటు 15,000. అప్పటిదాకా బిస్కెట్లతో బతుకుతున్న మా బావమరిది రెండోసారి పెట్టించుకున్నాడు. “అక్కా, ఇందులో పచ్చిమిరపకాయ ఒకటి పడితే ఇంటి కూరే” అన్నాడు. వంటావిడ మిరపకాయలు తెచ్చి ఇచ్చింది కూడా.

కట్వే ఉప్పు సరస్సుకు తప్పక వెళ్ళండి. అది కసేసె మున్సిపాలిటీలోది కాదు, అదే జిల్లాలో వేరే టౌన్ కౌన్సిల్. కారుకు రానుపోను 1,80,000 అయింది. మంచినీళ్ళు కొనుక్కుని వెళ్ళండి. అగ్నిపర్వతపు గొయ్యిలో ఏర్పడిన సరస్సు అది, నీళ్ళు బయటికి పోయే దారి లేదు. కర్రలు పాతి, బురద గట్లు పోసి, కుటుంబానికి ఇన్ని మడులని పంచుకుని ఉప్పు తీస్తారు. మగవాళ్ళు తెప్పల మీద వెళ్ళి అడుగున గట్టిపడ్డ ఉప్పును గునపాలతో పెళ్ళగిస్తారు. గంటల తరబడి ఆ నీళ్ళలో నిలబడితే చర్మం పుండ్లు పడుతుంది. జర్మన్ల సాయంతో కట్టిన ఉప్పు ఫ్యాక్టరీ ఒకటి తుప్పుపట్టి నిలబడి ఉంది. ఆ ఉప్పునీటి దెబ్బకు గొట్టాలు తుప్పుపట్టి పాడైపోయి, కొద్దికాలానికే ఆగిపోయిందట. ఫొటో తీసేముందు పనిచేసేవాళ్ళను అడగండి. మాకు అరగంట దగ్గరుండి చూపించిన ఒకామెకు 10,000 ఇచ్చాం.

మూడో రాత్రికి ఒక చర్చి గెస్ట్‌హౌస్‌కు మారాం. గది 60,000, నీళ్ళు ఆగలేదు, దోమతెర చిరగలేదు, పన్ను విడిగా రాసి ముద్ర వేసి రసీదు ఇచ్చారు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు బస్టాండు దగ్గరి లాడ్జిలు వదిలేసి ఇలాంటివే వెతుక్కోండి. వానాకాలంలో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, కిలెంబే లోయలో రాత్రి బస పెట్టుకోకండి. తిరుగు ప్రయాణం ఎంబరారా మీదుగా పెట్టుకుంటే దారి కొంచెం ఎక్కువైనా కికోరోంగో దగ్గర భూమధ్యరేఖ గుర్తు చూడొచ్చు. ఆ బస్సుకు మాకు తలకు 55,000 పడింది.