ఆర్జీ-213కి టెఫ్లాన్ పీఎల్-259: కొనేటప్పుడు, బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి

డాబా మీద యాంటెనా, కింద గదిలో సెట్టు, మధ్యలో పాతిక మీటర్ల కేబుల్. విజయవాడలో హామ్ (ఔత్సాహిక రేడియో) స్టేషన్ అంటే మామూలుగా ఇదే అమరిక. సిగ్నల్ పడిపోయిందంటే యాంటెనాను అనుమానించే ముందు కేబుల్ రెండు చివర్లూ చూడాలి. ఎండకు 45 డిగ్రీలు కాగి, తుపాను వానకు తడిసే చోట ముందు చెడేది కనెక్టరే.

ఈ సమీక్ష టెఫ్లాన్ ఇన్సులేషన్, వెండి పూత ఉన్న సోల్డర్ రకం పీఎల్-259 గురించి, అంటే కేబుల్‌ను సెట్టుకూ యాంటెనాకూ బిగించే మర కనెక్టరు గురించి. ఆర్జీ-213 అంటే మధ్య తీగ చుట్టూ జాలీ అల్లిన 50 ఓముల లావు కోయాక్స్ కేబుల్. హెచ్ఎఫ్ (30 మెగాహెర్ట్జ్ లోపు) నుంచి రెండు మీటర్ల బ్యాండు (145 మెగాహెర్ట్జ్ దగ్గర) దాకా ఆర్జీ-213 మీద వాడేవారికి దీనికి ఐదుకి నాలుగు మార్కులు. ఒక మార్కు తగ్గించింది నీటి విషయంలో, అది కింద చెబుతాం.

దుకాణంలో ఊరికే కోయాక్స్ కనెక్టర్ అని అడగొద్దు. బీసెంట్ రోడ్డులోనైనా, గుంటూరు అరండల్‌పేటలోనైనా ఆ మాటకు చేతిలో పెట్టేది డిష్ కేబుల్‌కి వేసే ఎఫ్ కనెక్టరే కావచ్చు. అది 75 ఓముల ఆర్జీ-6 కోసం. మన సెట్లకు 50 ఓముల కేబుల్ కావాలి. "పీఎల్-259, వైర్‌లెస్ సెట్టుకి, టెఫ్లాన్‌ది ఇవ్వండి" అని పేరు పెట్టి అడగండి.

మెరుపు చూసి మోసపోయే అవకాశం ఎక్కువ. అరడజను కొంటే ఒకదాన్ని పరీక్షకు వదులుకోండి. కాగిన సోల్డరింగ్ ఐరన్ మొనను మధ్య పిన్ను చుట్టూ ఉన్న తెల్లటి భాగానికి ఆనించండి. టెఫ్లాన్ 327 డిగ్రీల దాకా కరగదు, మచ్చ కూడా పడదు. చౌక ప్లాస్టిక్ అయితే మొన లోపలికి దిగిపోతుంది, పిన్ను పక్కకు ఒరుగుతుంది. గోధుమరంగు బేకలైట్ కరగదు గానీ నాసిరకంది పగులుతుంది. తర్వాత అయస్కాంతం పెట్టి చూడండి. నికెల్ పూతను అది కాస్త లాగొచ్చు, గట్టిగా పట్టేసిందంటే లోపల ఇత్తడి కాదు, ఇనుమే. చివరగా మర. అసలు కొలత అంగుళంలో 5/8, అంగుళానికి 24 చుట్లు. కొన్ని చౌక రకాలకు ఎం16 మర ఉంటుంది. రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటే అక్కడే ఆపేయండి, బలవంతం చేస్తే పాడయ్యేది సెట్టు వెనకాల ఉన్న సాకెట్టు.

వెండి పూతకు ఎక్కువ డబ్బు పెట్టడం దండగ కాదు. దాని మీద సోల్డర్ వెంటనే పారుతుంది. నికెల్ మీద అంటుకోదు, రంధ్రాల చుట్టూ ఆకురాయితో పూత గీకి ఇత్తడి బయటపెట్టాలి. కొన్నాళ్లకు వెండి నల్లబడుతుంది, దానివల్ల పనికి నష్టం లేదు.

ఇక బిగింపు. ముందుగా కాలర్‌ను (సాకెట్టుకు బిగించే బయటి రింగును) కేబుల్‌లోకి ఎక్కించండి, మర ఉన్న వైపు చివరకు ఉండాలి. ఇది మర్చిపోతే అంతా అతికాక మళ్లీ కోయాల్సిందే. తర్వాత పైతొడుగు 28 మిల్లీమీటర్లు తీసేయాలి, కింద జాలీ తీగలు తెగకూడదు. చివరి నుంచి 16 మిల్లీమీటర్ల మేర జాలీ, తెల్ల ఇన్సులేషన్ రెండూ తీసి మధ్య తీగను బయటపెట్టాలి. మిగిలిన జాలీని ఇంకో మిల్లీమీటరు వెనక్కి కత్తిరించి, పలుచగా సోల్డర్ పూయాలి. ఆ మిల్లీమీటరు ఖాళీయే షార్టు కాకుండా కాపాడేది. ఒక్క వెంట్రుకంత జాలీ తీగ మధ్య తీగకు తగిలినా కథ మొదటికే. జాలీ నల్లగా కనిపిస్తే లోపలికి నీరు పాకినట్టు. ఎర్రటి రాగి కనిపించేదాకా కేబుల్ కోసేయండి, నల్లబడ్డ రాగికి సోల్డర్ పట్టదు.

బాడీని మర తిప్పుతూ తొడుగు మీదికి ఎక్కిస్తే, పక్క రంధ్రాల్లో జాలీ కనబడుతుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 25 వాట్ల ఐరన్‌తో నిమిషాల తరబడి కాలిస్తే ఇత్తడి వేడంతా లాగేసుకుంటుంది, సోల్డర్ పైన ఉండకట్టి ఆగిపోతుంది, లోపల పాలిథిన్ మాత్రం మెత్తబడి మధ్య తీగ పక్కకు జరుగుతుంది. 100 వాట్ల ఐరన్, వెడల్పు బిట్టు, 60/40 రోజిన్ సోల్డర్ ఉంటే ఒక్కో రంధ్రం కొన్ని సెకన్ల పని. యాసిడ్ పేస్ట్ వద్దు, తర్వాత రాగిని తినేస్తుంది. డాబా మీద గాలిలో ఈ పని పెట్టుకోవద్దు, గదిలో అతికించి పైకి తీసుకెళ్లండి. ఆఖరున పిన్ను కొసలో సోల్డర్ నింపి, బయట మిగిలింది తుడిచేయాలి. లేకపోతే సాకెట్టులోకి దూరదు.

సన్న కేబుల్ ఆర్జీ-58కి ఇదే కనెక్టరు వాడాలంటే యూజీ-175 రెడ్యూసర్ (సన్న కేబుల్ సరిపోయేలా కనెక్టరులో బిగించే గొట్టం), ఆర్జీ-8ఎక్స్‌కి యూజీ-176. ఒకదాని బదులు ఇంకొకటి తెచ్చుకోవడం మామూలే, అందుకే కేబుల్ ముక్క జేబులో వేసుకుని వెళ్లండి. ఎల్ఎంఆర్-400 అనే ఫోమ్ కేబుల్‌కి మాత్రం సోల్డర్ రకం కొనొద్దు. దాని ఫోమ్ ఇన్సులేషన్ వేడికి ఆగదు. దానికి క్రింప్ రకం (సోల్డర్ లేకుండా నొక్కి బిగించేది) మేలు, నొక్కే ఫెర్రూల్ గొట్టానికి 10.9 మిల్లీమీటర్ల షట్కోణ డై కావాలి.

అతికాక మల్టీమీటరుతో మధ్య తీగ ఇటు నుంచి అటు, జాలీ ఇటు నుంచి అటు చూడండి, రెండింటి మధ్య షార్టు ఉండకూడదు. కేబుల్‌ను కనెక్టరు దగ్గర వంచుతూ కొలవండి. అవతలి చివర డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పెట్టే 50 ఓముల రెసిస్టరు) పెడితే 50 ఓములు స్థిరంగా కనబడాలి. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరునొక్కదాన్నే నమ్మొద్దు. అది యాంటెనా నుంచి తిరిగొచ్చే పవర్‌ను బట్టి చూపిస్తుంది, 1కి దగ్గరగా ఉంటే మంచిది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్జీ-58లో నష్టం 100 మీటర్లకు సుమారు 18 నుంచి 20 డీబీ (డెసిబెల్). పాతిక మీటర్ల అలాంటి కేబుల్ చివర యాంటెనా ఊడిపోయి ఉన్నా, సెట్టు దగ్గర మీటరు 2 చుట్టుపక్కలే చూపిస్తుంది. నీళ్లు తాగిన కేబుల్‌దీ ఇదే కథ, మీటరుకు బాగానే ఉంటుంది, పవర్ దారిలోనే పోతుంది.

తగ్గించిన ఆ మార్కు సంగతి ఇది: పీఎల్-259కి నీటిని ఆపే ఏర్పాటేమీ లేదు. యాంటెనా వైపు బిగించేటప్పుడు కనెక్టరు అంచున ఉన్న పన్ను సాకెట్టు గాట్లలో కూర్చున్నాకే కాలర్ తిప్పండి. తర్వాత సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేప్‌ను (తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును) సాగదీస్తూ, సగం మీద సగం పడేలా కింది నుంచి పైకి చుట్టాలి, అప్పుడు పెంకుటింటి కప్పులా నీరు జారిపోతుంది. దాని మీద నల్ల పీవీసీ టేప్. కనెక్టరు కింద కేబుల్‌ను ఒక వంపు తిప్పి వదిలితే వాన నీరు వంపు దగ్గరే కారిపోతుంది. 434 మెగాహెర్ట్జ్ మీద కూడా పనిచేయాలంటే పీఎల్-259 వదిలేసి ఎన్ టైపు కనెక్టరు కొనండి. దానికి 50 ఓములు నిలకడగా ఉంటుంది, లోపల రబ్బరు గాస్కెట్ కూడా ఉంటుంది. 50 ఓములదేనని అడిగి తీసుకోండి, 75 ఓముల సాకెట్టులో 50 ఓముల లావు పిన్ను దూరిస్తే సాకెట్టు శాశ్వతంగా సాగిపోతుంది.