స్లో అయిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు సర్వర్ అంటగట్టేవాళ్లతో జాగ్రత్త

గుంటూరులో ఆఫీసు కంప్యూటర్లు కొనే చిన్న వ్యాపారులందరికీ ఈ హెచ్చరిక. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు కానీ, వాళ్లు మాతో వ్యవహరించిన తీరు చదివితే మీలో కొందరు ఇట్టే పోల్చుకుంటారు. మాది మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్) ఫైలు మీద నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో, అంటే మిగతా కంప్యూటర్లు కూడా నెట్‌వర్క్ మీదుగా తెరవగల ఫోల్డర్‌లో పెట్టి, కౌంటర్‌లోనూ గోడౌన్‌లోనూ వాడుతున్నాం. ఒక్క బిల్లు సేవ్ కావడానికే నిమిషం పడుతోందని పిలిస్తే, ఆ దుకాణం యజమాని వచ్చి, కీబోర్డు కూడా ముట్టుకోకుండా, మీ పాత పీసీ ఈ లోడు మోయలేదు, సర్వర్ (డేటాను ఒకచోట ఉంచి మిగతా కంప్యూటర్లకు అందించే పెద్ద కంప్యూటర్) వేస్తే తప్ప వేగం రాదు అని తేల్చేశాడు. కొటేషన్ మీద ‘సాఫ్ట్‌వేర్ స్లో సమస్యకు పరిష్కారం’ అని రాసి మరీ ఇచ్చాడు. లక్షకు పైగా కట్టాం. సర్వర్ వచ్చింది, పాత కేబులే దానికి తగిలించి వెళ్లారు, వేగంలో వెంట్రుకవాసి తేడా రాలేదు.

అమ్మకాల జీఎస్‌టీ రిటర్ను జీఎస్‌టీఆర్-1 దాఖలు చేయాల్సిన 11వ తేదీ ముంచుకొస్తున్నా సేల్స్ రిపోర్టు బయటికి రాక, మా అకౌంటెంట్ రాత్రి పొద్దుపోయేదాకా స్క్రీన్ ముందే కూర్చోవలసి వచ్చింది. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే చివరికి యజమాని వచ్చాడు. కొటేషన్ తీసి అతని ముందు పెట్టాను. దాన్ని చదివి, మా సిబ్బంది అందరూ వింటుండగా, “ఈ మాట మాటవరసకు రాశాం సార్. సర్వర్ ఆన్ అవుతోందా లేదా? అవుతోంది కదా, మా బాధ్యత అయిపోయింది. సాఫ్ట్‌వేర్ మీది, ఆఫీసు మీది, స్లో కూడా మీదే” అన్నాడు. సర్వర్ కావాలని మేమెన్నడూ అడగలేదు. సమస్య చెప్పుకున్నాం, మందు అతనే రాశాడు. డబ్బు పోయిన బాధ కంటే, తన రాతనే తన మొహం మీద పెట్టి చూపించినా చలించని ఆ మాట నన్ను ఇప్పటికీ నిలవనివ్వడం లేదు.

తరువాత, పక్క వీధిలో ఒక ఆఫీసుకు నెట్‌వర్క్ చూసే అబ్బాయిని బతిమాలి పిలిపించాం. అతను అడిగిన మొదటి ప్రశ్న: “ఒక్కరే తెరిస్తే ఎలా ఉంది, రెండోవాళ్లు కూడా తెరిస్తే ఎలా ఉంది?” ఒక్కరే ఉంటే పరవాలేదు, రెండో కంప్యూటర్‌లో తెరవగానే నత్తనడక. ఫైలును ఒక్కరే తెరిచినప్పుడు విండోస్ ఆ డేటాను వాళ్ల కంప్యూటర్‌లోనే అట్టిపెట్టుకుని పని జరుపుతుందని, రెండో మనిషి రాగానే ఆ వెసులుబాటు పోయి ప్రతిదీ కేబుల్ మీదుగానే నడవాలని అతను చెప్పాడు. సర్వర్ నెట్‌వర్క్ స్టేటస్ తెరిస్తే స్పీడ్ దగ్గర 1 జీబీపీఎస్ ఉండవలసిన చోట 100 ఎంబీపీఎస్ అని ఉంది. కేబుల్ చివరనున్న కనెక్టర్‌ను వెలుతురులో పెట్టి చూపించాడు: గోధుమరంగు తీగ ఒకటి పిన్ను దాకా చేరనే లేదు. 100 వేగానికి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు కాబట్టి లైను తెగినట్టు కనిపించదు. గిగాబిట్‌కు, అంటే 1 జీబీపీఎస్‌కు, ఎనిమిది తీగలూ కావాలి. ఎంబీపీఎస్ లెక్క బిట్లలో, ఫైలు ఎంబీ లెక్క బైట్లలో ఉంటుంది, ఒక బైటుకు ఎనిమిది బిట్లు. 300 ఎంబీ డేటా కదలాలంటే 100 వేగంలో కనీసం 24 సెకన్లు పడుతుంది, గిగాబిట్‌లో మూడు సెకన్లు కూడా పట్టదు. కొత్త కనెక్టర్ ఖరీదు టీ డబ్బులంత.

మిగిలినవి కూడా ఆ పూటే దొరికాయి. డేటా ఫైలును ముట్టుకున్నప్పుడల్లా యాంటీవైరస్ స్కాన్ చేస్తోంది. ఆ ఒక్క ఫోల్డర్‌కు మినహాయింపు పెట్టాడు. ప్రతి ఫారం తెరిచినప్పుడు లాక్ ఫైలు (డేటాను ఎవరెవరు వాడుతున్నారో యాక్సెస్ రాసుకునే చిన్న ఫైలు) కొత్తగా పుట్టి, మూసినప్పుడు పోతోంది. ప్రోగ్రాం నడిచినంతసేపూ ఒక టేబుల్‌ను తెరిచే ఉంచేలా సాఫ్ట్‌వేర్ వాళ్ల చేత మార్పించాం. గోడౌన్ ల్యాప్‌టాప్‌ను వైఫై నుంచి తప్పించి కేబుల్‌కు మార్చాడు, ఎందుకంటే మధ్యలో సిగ్నల్ తెగితే యాక్సెస్ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. పాత పీసీలోనే డేటా ఉంచినా ఇవన్నీ సరిపోయేవని అతను చెప్పినప్పుడు నా కడుపు మండిపోయింది.

ఎవరైనా మీకు సర్వర్ అమ్మజూపితే, ముందు డేటా ఉన్న పీసీ మీదే ప్రోగ్రాం తెరిచి చూడండి. అక్కడ వేగంగా నడిచి మిగతావాటిలో ఆగుతోందంటే లోపం చాలావరకు దారిలోనే, అంటే నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. ఆ పీసీ నుంచి ఇంకో పీసీకి నెట్‌వర్క్ మీదుగా 1 జీబీ ఫైలు కాపీ చేసి చూడండి. సెకనుకు 11 ఎంబీ దగ్గరే ఆగిపోతే ఎక్కడో 100 లైను ఉన్నట్టే. వేగం రాకపోతే వస్తువు వెనక్కి తీసుకుంటామని కొటేషన్‌లోనే సంతకంతో రాయించుకోండి. వ్యాపార అవసరానికి కొన్న వస్తువుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు నిలబడటం కష్టం, బతుకుతెరువు కోసం స్వయం ఉపాధికి కొన్నవారికి మాత్రమే మినహాయింపు ఉంది. అందుకే మేము ఆ కొటేషన్ కాపీ జతచేసి వకీలు ద్వారా నోటీసు పంపుతున్నాం.