2026 పఠనాల డైరీ: కొనొచ్చు, కానీ మే చివరి నుంచి దిద్దుకోవాలి

క్యాథలిక్ పూజలో (చర్చి ఆరాధనలో) ఏ రోజు ఏ బైబిల్ భాగాలు చదువుతారో చెప్పే డైరీ ఇది, తిరుపతిలో చర్చి బయట స్టాల్‌లో 120 రూపాయలకు దొరుకుతోంది. రోజుకో పేజీ: పైన పఠనాల వచన సంఖ్యలు, కింద రాసుకోడానికి ఎనిమిది గీతలు. పేజీ అంచున ఆ కాలపు రంగు పట్టీ. తపస్సు కాలానికి (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు) ఊదా, సామాన్య కాలానికి (పండుగ కాలాలు పోగా మిగిలిన, వరుస సంఖ్యలున్న వారాలు) ఆకుపచ్చ. డైరీ మూసి ఉన్నా, తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం (ఫిబ్రవరి 18) ఎక్కడుందో అంచు చూస్తే తెలిసిపోతుంది. ఈ ఆలోచన చేసినవాళ్లకు దండం పెట్టాలి.

అసలు తప్పు పెంతెకోస్తు (ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పండుగ, మే 24) తర్వాత, సామాన్య కాలం మళ్లీ మొదలయ్యే చోట దొర్లింది. తపస్సు కాలానికి ముందు సామాన్య కాలం ఆరో వారంలో ఆగింది కదా అని, మే 25 నుంచి ఏడో వారం వేసేశారు. లెక్క అలా చేయరు. క్రీస్తురాజు పండుగ (నవంబర్ 22) సామాన్య కాలంలో చివరిదైన 34వ ఆదివారం కావాలి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టాలి. అప్పుడు మే 25న వచ్చేది ఎనిమిదో వారం. ఈ ఏడాది ఏడో వారమే లేదు. డైరీని నమ్ముకుంటే మే 26న యాకోబు లేఖ చదువుతారు, పూజలో మాత్రం పేతురు మొదటి లేఖ వినిపిస్తుంది. అక్కణ్ణుంచి అన్నీ ఓ వారం వెనకే. పెన్సిల్‌తో వారం సంఖ్యలు మార్చుకోండి.

నవంబర్ 29న ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు వారాలు) మొదలవగానే ఆదివారాల సువిశేషం (సువార్త) మత్తయి నుంచి మార్కుకు మారుతుంది. అది సరిగ్గానే ఇచ్చారు. కాగితమే పల్చన. జెల్ పెన్ను వెనక్కి దిగుతుంది, ఇక్కడి కార్తీక వానల తేమకు ఇంకా ఎక్కువ. బాల్ పెన్ను వాడండి.